చేతికందిన వాద్యం

మొన్న మా మేనకోడలి కూతురు వచ్చింది. ఎనిమిదేళ్లుంటాయి. చెప్పులు విప్పీ విప్పకుండానే "తాతయ్యా, నీ దగ్గర వయొలిన్ ఉందట కదా, నాకిచ్చెయ్యవూ" అంది. వాళ్లమ్మ వారించబోయింది గానీ నేనప్పటికే స్టూలు లాక్కుని అటక వైపు చూస్తున్నాను. పాత దుప్పట్లు, రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను, అన్నయ్య చదువుకున్న లావుపాటి నిఘంటువు. వాటి వెనకాల, గోడ వైపు మొహం పెట్టి, అలిగిన మనిషిలా ఉంది ఆ నల్లపెట్టె.

దుమ్ము తుడిచి రెండు గొళ్లేలూ తీశాను. మూత ఎత్తగానే వాసన కొట్టింది.

రోజిన్ వాసన. కమాను వెంట్రుకలకి రుద్దుతామే, ఆ తేనెరంగు ముక్క. పైన్ చెట్ల బంకలోంచి తీస్తారు. అది రుద్దకపోతే కమాను ఎంతసేపు లాగినా తీగ పలకదు, ఊరికే జారిపోతుంది. ఆ ముక్క రెండుగా పగిలి, పాత జేబురుమాల్లో చుట్టి ఉంది. ఎప్పుడు పగిలిందో నాకు బాగా గుర్తు. కోపంతో నేలకేసి కొట్టింది నేనే.

*

ఆ వయొలిన్ నాకు ఎవరూ కొనిపెట్టలేదు. అన్నయ్య చొక్కాలు, అన్నయ్య చెప్పులు, అన్నయ్య లెక్కల పుస్తకం ఎలా వచ్చాయో అదీ అలాగే వచ్చింది. వాడు పై చదువుకి వెళ్తూ నా మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. చొక్కా పెద్దదైతే చేతులు పైకి మడిచేది అమ్మ. వయొలిన్ మెడని మడవడానికి వీల్లేదు.

నాకప్పుడు తొమ్మిదో ఏడు. అది పెద్దవాళ్లు వాయించే నిండు సైజు. గడ్డం కింద పెట్టుకుని ఎడమ చెయ్యి చాపితే మోచెయ్యి పూర్తిగా తిన్నగా అయిపోయేది. వేళ్లు తీగల మీదికి వంగాలంటే మోచేతికి ఆ కాస్త వంపు ఉండాలి. అది లేదు. పది నిమిషాలకే మెడ పట్టేసేది, చిటికెనవేలు గాల్లో వేలాడేది. పిల్లల కోసం ముప్పాతిక సైజు, అర సైజు, ఇంకా చిన్నవి కూడా చేస్తారని నాకు తెలిసేసరికి నాకు మీసాలొచ్చాయి.

మొదటి గురువుగారు కొలత సంగతి ఎత్తలేదు. "నీకు చెవి లేదురా" అన్నారు. అదీ నలుగురు పిల్లల ముందు. ఆ మాట ఎంత లోతుకి దిగిందంటే, కొన్నేళ్లపాటు ఎవరైనా పాట అందుకుంటే నేను లేచి పక్కగదిలోకి వెళ్లిపోయేవాణ్ణి. రోజిన్ పగిలింది ఆ రోజే. ఆడలేక మద్దెల ఓడంటారని తెలుసు గనక మద్దెల మీద చాడీ చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు. ఆ సామెత వాడేముందు పెద్దవాళ్లు ఒకసారి మద్దెల తిప్పి చూస్తే బావుంటుంది.

*

చెవి లేదన్నారు గానీ, ఆ చెవి ఇంట్లో ఏం చేస్తోందో ఎవరూ గమనించలేదు.

మధ్యాహ్నాలు అమ్మ కుట్టుమిషను తొక్కేది. తొక్కుడు ఊపందుకున్నాక ఆ చప్పుడు ఒకే స్వరం మీద నిలబడేది. నేను పక్కనే చాప మీద పడుకుని గొంతులోనే కూనిరాగం తీసేవాణ్ణి. మిషను పలికే స్వరం కాదు. దానికి కిందగా, దానితో పడే ఇంకో స్వరం ఏదో ఉండేది. అది దొరికినప్పుడు నా ఛాతీ, మిషను బల్ల, నేల ఒకటైపోయినట్టు ఉండేది. అమ్మ కాలు నెమ్మదించగానే స్వరం జారేది, నేనూ జారేవాణ్ణి. దారం తెగితే మిషను ఆగేది. నేను ఇంకాసేపు అలాగే మూలుగుతూ ఉంటే "కడుపునొప్పా నాన్నా?" అనడిగేది అమ్మ.

దాన్ని సంగీతం అంటారని నాకు తెలీదు. తర్వాత ముప్పయ్యేళ్లకి గానీ అది నా చోటని అర్థం కాలేదు.

*

మధ్యలో అన్నీ అయ్యాయి. వేణువు ఒక వేసవి. ఊదిన గాలి రంధ్రం అంచుకి తగిలి చీలితేనే అది పలుకుతుంది. నేను ఊదిందంతా అంచు దాటి ఎదుటివాడి మొహాన పడేది. ఎక్కువెక్కువ ఊపిరి తీసి ఊదీ ఊదీ కళ్లు తిరిగి ఓ సాయంత్రం మెట్ల మీద కూలబడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో గిటారు. గది పంచుకున్న స్నేహితుడిది. వేళ్ల కొసలు కాయకట్టేదాకా వాయించి, అతనికి బదిలీ అవడంతో వదిలేశాను. పెద్ద దిగులేమీ కలగలేదు. దిగులు కలగకపోవడమే ఒక గుర్తని ఇప్పుడనిపిస్తుంది.

*

ఆ తర్వాతే మేడ మీది గది.

ఆఫీసులో నా పక్క సీటు లెక్కల మనిషి ఓ ఆదివారం "ఏరా, ఊరికే కూర్చుని వింటావా?" అని లాక్కెళ్లాడు. సన్నని ఇనప మెట్లు, పైన రేకుల కప్పు గది, తలోదిక్కు మడత కుర్చీలు. అందరూ పొద్దంతా ఇంకేదో పని చేసుకుని సాయంత్రానికి వాద్యాలు పట్టుకుని అక్కడ తేలేవాళ్లు. గదికి పెద్ద దిక్కు మాస్టారు, చెల్లో వాయించేవారు. అదీ వయొలిన్ తీరుదే, కాకపోతే పెద్దది, కూర్చుని కాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు. ఆయన నిజంగా బళ్లో సైన్సు మాస్టారే. ఎవరైనా తప్పు వాయిస్తే "మళ్లీ" అనేవారు. తప్పెవరిదో చెప్పేవారు కాదు. మనకి తెలిసేది, అంతే.

వానొస్తే రేకుల మీద మోతకి ఏమీ వినపడేది కాదు. అప్పుడు అందరం వాద్యాలు ఒళ్లో పెట్టుకుని, ఎవరు ఎక్కణ్ణించి ఎలా వచ్చారో చెప్పుకునేవాళ్లం. అలా విన్నవే ఇవన్నీ.

లెక్కల మనిషి ఎనిమిదేళ్లు వయొలిన్ వాయించాడు. వాడి చెవి పాముచెవి. వయొలిన్‌కి వీణకున్నట్టు మెట్లుండవు కదా, వేలు ఈకవాసి పక్కకి పడినా స్వరం చెడుతుంది. ఆ ఈకవాసి వాడికి కొండంతగా వినపడేది. తన తప్పు తనకే వినపడి ఠక్కున ఆగిపోయేవాడు. తప్పు మరీ బాగా వినపడటం కూడా ఓ జబ్బే. ఎవరింట్లోనో మాండొలిన్ చేతిలోకి తీసుకున్నాడు. దానికి నాలుగు జతలు, ఎనిమిది తీగలు. శ్రుతి మాత్రం అచ్చం వయొలిన్‌దే: ఇంగ్లీషు స్వరాల పేర్లలో చెప్తే జి, డి, ఎ, ఇ. తీగ పొడవు కూడా దాదాపు అంతే, వయొలిన్‌ది 33 సెంటీమీటర్లైతే దీనిది 35. వేళ్లు వాటంతటవే తెలిసిన చోట్లకి వెళ్లిపోయాయట. తేడా ఒక్కటే, మెట్లున్నాయి. వేలు కాస్త అటూ ఇటూ పడినా మెట్టు దిద్దేస్తుంది. "ఆ రోజు మొదటిసారి పాట చివరిదాకా వాయించాన్రా" అన్నాడు. ఎనిమిదేళ్ల చదువులో ఒక్క రోజు కూడా వృథా పోలేదు, చేతిలో పెట్టె మారిందంతే.

ఇంకొకావిడ ఆసుపత్రిలో నర్సు, మా అందరికీ అక్క. రాత్రి డ్యూటీ చేసి నిద్ర చాలని కళ్లతో వచ్చేది. మొదట క్లారినెట్ నేర్చుకుంది. ఆమె వేళ్లు సన్నం, చిక్కుడుకాయల్లా. క్లారినెట్ మీద కొన్ని రంధ్రాలు వేలి కండతోనే పూర్తిగా మూయాలి. ఏ పక్కన కాస్త గాలి పోయినా కీచుమంటుంది. దానికి తోడు ఇంకో చిక్కు. బొటనవేలి మీట నొక్కితే చాలా ఊదుడు వాద్యాలు ఒక స్థాయి పైకి వెళ్తాయి, సా పై స్థాయి సా అవుతుంది. క్లారినెట్ గొట్టం తీరు వేరు. సా పట్టిన వేళ్లకే పై స్థాయి పా పలుకుతుంది. అంటే కిందొక లెక్క, పైనొక లెక్క. "డ్యూటీ దిగొచ్చిన బుర్రకి రెండు లెక్కలు ఎక్కవు తమ్ముడూ" అనేది.

శాక్సఫోన్ ఆమెను ఒడ్డున పడేసింది. బెల్జియం మనిషి అడాల్ఫ్ శాక్స్ 1846లో పేటెంటు తీసుకున్న వాద్యం. చూడ్డానికి ఇత్తడి. పలికేది మాత్రం క్లారినెట్‌లాగే రెల్లు పీకతో. గొట్టం కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది, అందుకని సా పట్టిన వేళ్లకి పైన కూడా సా యే. రంధ్రాల మీద మెత్త వేసిన మూతలుంటాయి, వేలు సన్నమైనా లావైనా వాటికి పట్టదు. మెడకి తగిలించుకున్న మొదటిరోజే గది అద్దాలు అదిరాయట. వాళ్లాయన తలుపు వేసుకున్నాడట. అక్క ఈ మాట చెప్తూ నవ్విన నవ్వు నాకిప్పటికీ చెవిలో ఉంది.

మాస్టారి చెల్లెలికి, అంటే మా అందరి చిన్నత్తకి, పియానో పిచ్చి. చెయ్యి చూస్తే చిన్నపిల్ల చెయ్యి. పియానో మీద ఒక స్థాయి దూరం పదహారున్నర సెంటీమీటర్లు. అంత చాస్తే ఆవిడ బొటనవేలు నొప్పితో వణికేది. జోసెఫ్ హాఫ్‌మన్ అనే గొప్ప పియానిస్టుది కూడా చిన్న చెయ్యే, ఆయన కోసం స్టైన్‌వే కంపెనీవాళ్లు కాస్త సన్న మెట్లతో పియానోలు చేసిపెట్టారు. చిన్నత్తకి ఎవరు చేసిపెడతారు? భుజాలకి తగిలించుకుని తిత్తి సాగదీస్తూ వాయించే అకార్డియన్ మెట్లు పియానో మెట్లకన్నా సన్నమని ఎవరో చెబితే అటు మళ్లింది. ఆ బరువు మోయడానికి భుజాలున్నాయి నాకు, వేళ్లే లేవు అనేది.

ఇక ఓ కుర్రాడుండేవాడు. ఏది పట్టినా రాలేదు. నిజంగా రాలేదు, ఇందులో దాపరికమేం లేదు. ఓరోజు నా వయొలిన్ లోపల ఏదో దొర్లుతున్న చప్పుడైంది. లోపల ఓ చిన్న చెక్కపుల్ల ఉంటుంది, సౌండ్‌పోస్ట్. పై పలకకీ కింది పలకకీ మధ్య జిగురు లేకుండా ఊరికే బిగుతు మీద నిలబడుతుంది. ఫ్రెంచివాళ్లు దాన్ని ఆత్మ అని పిలుస్తారు. అది పడిపోతే వాద్యం గొంతు చచ్చిపోతుంది. ఆ కుర్రాడు ఎస్ ఆకారంలో వంచిన ఇనప కడ్డీ ఒకటి సంపాదించి, దాని కొసకి పుల్ల గుచ్చి, పక్కనున్న సన్నని రంధ్రంలోంచి లోపలికి పోనిచ్చి, ఓ కన్ను మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబెట్టాడు. రెండు గంటలు పట్టింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. నేను తీగ మీటగానే వాడి మొహంలో వెలుగు చూడాలి. ఆ తర్వాత వాడు వాయించడం మానేశాడు. మా గదిలో ఏ వాద్యం శ్రుతి తప్పినా, ఏ బిరడా జారినా వాడే. ఒక్కొక్కరికి దొరికేది వాద్యం కాకపోవచ్చు, దాని లోపలి పుల్ల కావచ్చు.

*

నేను మాత్రం అదే వయొలిన్ పట్టుకుని రెండో వరసలో చివరి కుర్చీ. చెయ్యి ఎదిగింది, మెడనొప్పి పోయింది. కానీ ఇప్పుడు వేళ్లతో పేచీ. నావి లావు వేళ్లు. తీగ మీద పైకి పోయేకొద్దీ స్వరాల మధ్య జాగా తగ్గిపోతుంది, ఒక స్థాయి పైకి వెళ్లేసరికి సగమవుతుంది. అక్కడ నా వేళ్లు కిక్కిరిసిన బస్సులో జనంలా ఒకదాన్నొకటి తోసుకునేవి. పైగా ఆ సన్నటి ఇ తీగ సరిగ్గా ఎడమ చెవి పక్కన కీచుమంటే నాకు పళ్లు జివ్వుమనేవి. శ్రుతి చేసుకునే వంకతో ఎప్పుడూ అడుగు తీగ మీదే తచ్చాడేవాణ్ణి. మాస్టారు ఇది చూస్తున్నారని నాకు తెలీదు.

మా గదిలో వయొలా, అంటే వయొలిన్‌కి అక్కలాంటి కాస్త పెద్ద వాద్యం, వాయించేది తపాలా ఆఫీసులో రిటైరైన పెద్దాయన. మాట్లాడేది తక్కువ. ఆయన వాయించడం ఎవరూ ప్రత్యేకంగా వినేవాళ్లు కాదు. ఆయన రాని రోజు మాత్రం గదిలో ఏదో గోడ కూలినట్టుండేది. ఓ చలికాలం ఆయన రావడం మానేశారు. తర్వాత కబురొచ్చింది. వాళ్లబ్బాయి పెట్టె తెచ్చి "నాన్న ఇక్కడే ఉంచమన్నారు" అని మూల పెట్టి వెళ్లాడు. నెల రోజులు ఎవరూ ముట్టుకోలేదు. వాయిస్తుంటే అందరి కళ్లూ ఆ మూలకి పోయేవి.

ఓ ఆదివారం మాస్టారు "నువ్వు తియ్యి" అన్నారు నన్ను చూసి. "నాకు రాదు మాస్టారూ." "వచ్చో రాకో, తియ్యి."

వయొలిన్ లాగే ఉంది గానీ బరువు, పొడవు. చెయ్యి బాగా చాపాల్సొచ్చింది. నా చెయ్యి చాపింది. ముందు శ్రుతి చేయాలి. పక్కపక్క తీగలు రెండూ కలిపి కమాను లాగితే, వాటి మధ్య పంచమం, అంటే సా నుంచి పా దాకా ఉండే దూరం, కుదరనప్పుడు స్వరం అలలు అలలుగా ఊగుతుంది. బిరడా కొద్దిగా తిప్పుతుంటే ఆ అలలు నెమ్మదిస్తాయి, ఇంకా నెమ్మదిస్తాయి, ఒకచోట నీళ్లు నిలిచిపోయినట్టు ఆగిపోతాయి. అలా ఎ, డి, జి తీగలు కుదిర్చి, చివర్న వయొలిన్‌కి లేని తీగ, అడుగున ఉండే సి మీద కమాను పెట్టాను.

అది చెవికి ముందు తగల్లేదు. దవడ ఎముకకి, కంటె ఎముకకి, అక్కణ్ణించి ఛాతీకి తగిలింది. చాప మీద పడుకున్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఇంకా చెప్పాలంటే కుట్టుమిషను నూనె వాసనొచ్చింది. నేనాపకపోయేసరికి మాస్టారే చెల్లో ఎత్తి కింద ఓ స్వరం పట్టారు.

వేళ్లకి జాగా దొరికింది. ఇక్కట్లేం తక్కువ లేవు. వయొలాకి సంగీతం రాసే లిపిలో మధ్య గీత మీది చుక్కని 'సి' అని చదవాలి. ఏళ్ల తరబడి దాన్ని 'బి' అని చదివిన కన్ను నాది. రెండు నెలలు అందరికన్నా ఒక మెట్టు కింద వాయించాను. "మళ్లీ" అన్నారు మాస్టారు, లెక్కలేనన్నిసార్లు. అయినా ఆ మాట ఈసారి తిట్టులా వినపడలేదు.

*

తర్వాత మాస్టారు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పిన సంగతి ఒకటుంది. వయొలా శ్రుతి వయొలిన్ కన్నా పంచమం కింద. న్యాయంగా ఆ శ్రుతికి తగ్గ ఒళ్లుండాలంటే అది వయొలిన్‌కి ఒకటిన్నర రెట్లుండాలి. వయొలిన్ మెడ వదిలేసి ఒళ్లు మాత్రం కొలిస్తే ముప్పయ్యైదున్నర సెంటీమీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లంటే 53. అంత పెట్టెని గడ్డం కింద పెట్టుకుని వాయించే చెయ్యి మనిషికి లేదు. అందుకని సుమారు 39 నుంచి 43 దగ్గర సర్దుకున్నారు. దీనికి వయొలిన్ లాగా ఒక్క ఖాయమైన సైజంటూ లేదు, వాయించేవాడి చెయ్యిని బట్టి ఎంచుకోవడమే. ఆ గొంతులో ఉండే కాస్త జీర, కాస్త ముక్కుతో పలికినట్టుండటం, ఆ సర్దుబాటువల్ల వచ్చిందే.

నేను చాలాసేపు ఆ బొమ్మ చూస్తూ ఉండిపోయాను. చిన్నప్పుడు నా చేతిని ఓ పెట్టె కొలతకి సాగదీశారు. ఇక్కడ పెట్టే మనిషి చేతి కోసం కుదించుకుంది, గొంతు కొంత పోగొట్టుకుని మరీ.

వయొలా వాళ్ల మీద జోకులకి అంతులేదు. వయొలిన్ రానివాడే వయొలా పడతాడంటారు. నా విషయంలో అది అక్షరాలా నిజం కాబట్టి నేను ఏనాడూ నొచ్చుకోలేదు. కాకపోతే అంతటి స్వరకర్త మోజార్ట్ కూడా స్నేహితులతో కూర్చుంటే వయొలా తీసుకునేవాడు. 1784లో వియన్నాలో ఓ ఇంట్లో అతని తోటి స్వరకర్తలు హైడన్ మొదటి వయొలిన్, డిట్టర్స్‌డార్ఫ్ రెండోది, వాన్‌హల్ చెల్లో, మోజార్ట్ వయొలా వాయించగా విన్నానని మైకేల్ కెల్లీ అనే గాయకుడు రాసుకున్నాడు. ఇంకో స్వరకర్త షూబర్ట్ ఇంట్లో అన్నలు వయొలిన్లు, నాన్న చెల్లో, మధ్యలో వయొలాతో ఇతను. అందరి మధ్యా కూర్చుంటే అందరూ వినపడతారు. పెద్దాయన ఎందుకంత తక్కువ మాట్లాడేవారో నాకు అప్పుడర్థమైంది. ఆయనకి వినడానికే సరిపోయేది.

మాస్టారు పోయాక గది చెదిరిపోయింది. లెక్కల మనిషి ఇప్పటికీ ఫోన్లో మాండొలిన్ వినిపిస్తాడు, అవతలిపక్క మనవడు గోల చేస్తుంటాడు. కుర్రాడికి ఇప్పుడు నడుం వంగింది, కన్ను మూసుకునే అలవాటు మాత్రం పోలేదు.

*

"తాతయ్యా, వాయించు" అంది పిల్ల.

తీగలన్నీ వదులైపోయి ఉన్నాయి. బిగించి, వీలైనంత శ్రుతి చేసి, దాని గడ్డం కింద పెట్టాను. "చెయ్యి చాపు. ఇంకా. ఇప్పుడు ఆ చివరున్న చుట్టని అరచేత్తో పట్టుకో." మోచెయ్యి తిన్నగా కర్రలా అయిపోయింది. వేళ్ల కొసలే చుట్టకి అందీ అందకుండా ఉన్నాయి. మెడ పక్కకి వాలిపోయింది, పెదవి బిగపట్టింది, ఎక్కడ లాక్కుంటానోనని.

మెల్లగా తీసేశాను. "ఇది నీది కాదమ్మా. నీకు సగం సైజు కావాలి. అది తెచ్చాక వాయించి చూద్దాం. అప్పటికీ నచ్చకపోతే ఇంకేదైనా చూద్దాం."

"అయితే నేనెప్పుడు పెద్దవుతాను?"

వాళ్లమ్మ నవ్వింది. నేను వయొలిన్ పెట్టెలో పడుకోబెట్టి, తీగలు మళ్లీ కాస్త వదులు చేసి, గొళ్లేలు వేశాను. రోజిన్ ముక్కలు రెండూ మాత్రం బయట ఉంచుకున్నాను. గీతలు పడి, మసకబారి ఉన్నా, గోటితో గీకితే లోపల ఇంకా తేనెరంగే ఉంది. సాయంత్రం అవే వయొలా కమానుకి రుద్దాను.

పొడి రాలింది. కమాను పట్టింది.